పాఠము ముందు, పనిముట్టు తరువాత
(ఉపాధ్యాయులకును, సంఘ పెద్దలకును ఒక అధ్యయన పాఠము)



మన సంఘాలలో ఉపాధ్యాయులకు కొదువ లేదు. కన్నడ బడిలో లెక్కలు చెప్పే మాస్టారు, తమిళ బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ, ఒడియా బడిలో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించే అమ్మాయి, సాయంత్రము పూట మన పిల్లలకు తెలుగు చదువు నేర్పే పెద్దలు, ఆదివారపు బడి నడిపే యువతీయువకులు, అందరూ మనలో ఉన్నారు. వీరందరికీ ఈ మధ్య ఒకే మాట వినిపిస్తున్నది: “కొత్త సాంకేతిక పరిజ్ఞానమును తరగతిలో వాడండి.” సెల్‌ఫోను, ప్రొజెక్టరు, కంప్యూటరు, టీవీ తెర, ఏదో ఒకటి చేతికి అందుతున్నది. దానితో ఏమి చేయవలెనో చెప్పేవారు మాత్రము తక్కువ.

చందాలు పోగుచేసి కొన్న యంత్రము రెండు నెలలు వెలిగి, ఆ తరువాత గుడ్డ కప్పుకొని మూలన కూర్చోవడము మనము చాలా చోట్ల చూస్తున్నాము. పోయినది డబ్బు మాత్రమే కాదు. ఆ గంటలో నేర్చుకోవలసిన పిల్లల చదువు కూడా పోయినది. కనుక ఈ పాఠములో ఒక ప్రశ్నను నిదానముగా విచారించుదాము. యంత్రము తరగతిలో ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది? ఉపాధ్యాయుడు దానిని సరిగా వాడడము ఎలా నేర్చుకొంటాడు?

1. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు

తరగతిలోనికి యంత్రము రావడము మన దేశములో కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఉపగ్రహము ఒకటి ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రాలలో 2400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారము చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా ఉన్నాయి. తెలుగు, కన్నడ, ఒడియా, హిందీ భాషలలో కార్యక్రమాలు వచ్చాయి. పిల్లలకే గాక ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు కూడా సైన్సు ఎలా బోధించవలెనో ఆ ఉపగ్రహము ద్వారా శిక్షణ ఇచ్చారు. ఒక సంవత్సరము గడువు తీరగానే ఉపగ్రహము తిరిగి వెళ్లిపోయింది. ఉపాధ్యాయులు నేర్చుకొన్నది మాత్రము వారి వద్దనే ఉండిపోయింది.

1984లో క్లాస్ అనే పేరుతో కొన్ని ఉన్నత పాఠశాలలకు మొదటి కంప్యూటర్లు వచ్చాయి. 2004లో చదువు కొరకే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహమును మన దేశము స్వయముగా ప్రయోగించింది. 2017లో దీక్ష అనే జాతీయ వేదిక ప్రారంభమైనది. పాఠ్యపుస్తకములో అచ్చువేసిన నలుపు తెలుపు గడుల గుర్తును, అనగా క్యూఆర్ కోడ్‌ను, ఫోనుకు చూపితే ఆ పాఠము వీడియో తెరుచుకొనే పద్ధతి దానితో వ్యాపించింది. 2020 మార్చిలో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు, ఫోను పట్టుకోవడము సరిగా రాని ఉపాధ్యాయులు కూడా వారము రోజులలో ఫోనులో పాఠము చెప్పవలసి వచ్చింది.

అప్పుడు ఒక సంగతి బయటపడింది. అసర్ అనే వార్షిక సర్వే ప్రకారము, గ్రామీణ భారతములో బడికి వెళ్లే పిల్లల ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతము, 2021 నాటికి 67.6 శాతము. అయినను, ఇంట్లో ఫోను ఉన్న పిల్లలలో కూడా దాదాపు నాలుగవ వంతు మందికి అది చదువుకొనుటకు చేతికి అందలేదు. వస్తువు ఇంట్లో ఉండడము వేరు, అది పిల్లవానికి చదువుగా మారడము వేరు.

2. ఒకే రాష్ట్రము, రెండు ఫలితాలు

గుజరాత్‌లో జరిగిన రెండు పరిశోధనలు ఈ విషయమును చక్కగా తేటపరుస్తాయి.

వడోదర పట్టణములో 2000వ సంవత్సరములో 100 మునిసిపల్ పాఠశాలలకు ప్రభుత్వము నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. రెండు సంవత్సరాల తరువాత చూస్తే వాటిని పాఠము కొరకు వాడుతున్న బడులు బహు కొద్ది. అప్పుడు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 4వ తరగతి పిల్లలకు లెక్కల ఆటలను ఆ కంప్యూటర్లలో పెట్టింది. ఇద్దరు పిల్లలకు ఒక కంప్యూటరు, వారానికి రెండు గంటలు. అందులో ఒక గంట బడి సమయములో, మరొక గంట బడికి ముందో తరువాతో. తప్పు చేసిన పిల్లవానికి తేలిక లెక్క, సరిగా చేసినవానికి కష్టమైన లెక్క వచ్చేది. పిల్లలు లెక్కలలో స్పష్టముగా ముందుకు వెళ్లారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలైనవారు 2007లో ఈ ఫలితాలను ప్రకటించారు. అయితే కార్యక్రమము ఆగిన ఒక సంవత్సరానికి ఆ లాభములో చాలా భాగము తరిగిపోయినదని కూడా వారు వ్రాశారు. అభ్యాసము ఆగితే చదువు నిలువదు.

రెండవది అదే రాష్ట్రములో జ్ఞానశాల అనే సంస్థ నడిపే బడులలో జరిగింది. 2, 3 తరగతుల పిల్లలకు కంప్యూటరులో లెక్కల అభ్యాసము పెట్టారు. మొదటి సంవత్సరము ఉపాధ్యాయురాలు పాఠము చెప్పే సమయములో కొంత తీసి కంప్యూటరుకు ఇచ్చారు. పిల్లల మార్కులు పడిపోయాయి. మరుసటి సంవత్సరము ఉపాధ్యాయురాలి సమయమును ముట్టుకొనక, బడి వేళలకు వెలుపల అదే అభ్యాసము చేయించారు. ఈసారి మార్కులు పెరిగాయి. వెనుకబడిన పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. లీ లిండెన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 2008లో దీనిని వివరించాడు.

గమనించండి. యంత్రము మారలేదు, లెక్కలు మారలేదు. మారినది దానికి ఇచ్చిన స్థానము. మంచి ఉపాధ్యాయురాలి స్థానములో కూర్చుండబెడితే కీడు చేసింది. ఆమె చెప్పిన పాఠమునకు అభ్యాసముగా నిలబెడితే మేలు చేసింది.

ఢిల్లీలో బడి ముగిసిన తరువాత నడిచిన కేంద్రాలపై 2019లో వెలువడిన మరొక పరిశోధన ఇంకొక మాట చెప్పింది. అక్కడకు వచ్చిన 6వ తరగతి పిల్లలు లెక్కలలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. 6వ తరగతి పుస్తకము తెరచి ఎంత చెప్పినా వారికి అందదు. కంప్యూటరు ప్రతి పిల్లవాడు నిలిచి ఉన్న మెట్టు కనుగొని, అక్కడి నుండి లెక్కలు ఇచ్చింది. నాలుగున్నర నెలలలో గణనీయమైన అభివృద్ధి కనబడింది. 40 మంది ఉన్న తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు ప్రతి పిల్లవాని మెట్టునూ ప్రతి రోజూ కనిపెట్టడము కష్టము. యంత్రమునకు అప్పగించదగిన పని అది.

3. సోలాపూర్ జిల్లాలో ఒక బడి

మన తెలుగువారు తరతరాలుగా మగ్గము నేస్తూ స్థిరపడిన సోలాపూర్ చాలామందికి తెలుసు. ఆ జిల్లాలోని పరితేవాడి అనే పల్లెలో జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాల ఉన్నది. 2009లో రంజిత్‌సింహ్ దిసలే అనే ఉపాధ్యాయుడు అక్కడ చేరేనాటికి బడి పాడుబడి ఉన్నది. ఒక ప్రక్క పశువుల కొట్టము, మరొక ప్రక్క సామాను గది. పాఠ్యపుస్తకములు ఒక భాషలో ఉంటే, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష కన్నడము.

ఆయన మొదట చేసిన పని యంత్రము కొనడము కాదు. పిల్లల భాష నేర్చుకొన్నాడు. పాఠాలను వారి భాషలోనికి మార్చాడు. ఆ తరువాతనే, ఆ పాఠాలను పిల్లల ఇంటికి ఎలా చేర్చవలెనని ఆలోచించి, పుస్తకములో క్యూఆర్ కోడ్‌లు అతికించి, వాటి వెనుక పద్యాల ధ్వని, కథలు, చిన్న వీడియోలు, అభ్యాసాలు పెట్టాడు. ఆ పద్ధతిని తరువాత మహారాష్ట్ర ప్రభుత్వము తన పాఠ్యపుస్తకాలలో స్వీకరించింది. 2020 డిసెంబరులో ఆయనకు గ్లోబల్ టీచర్ బహుమతి, పది లక్షల డాలర్లు వచ్చింది. అందులో సగము తనతోపాటు తుది వరుసలో నిలిచిన తొమ్మండుగురికి పంచి ఇచ్చాడు.

ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. ఇది మన పిల్లల కథ కూడా. అందుచేత ఆయన నడిచిన వరుసను మనము గుర్తుంచుకోవలెను: మొదట పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూశాడు, తరువాత పాఠము తయారుచేశాడు, చివరకు పనిముట్టు ఎన్నుకొన్నాడు. మనలో చాలా చోట్ల ఈ వరుస తలక్రిందులుగా నడుస్తున్నది.

4. ఉపాధ్యాయుడు ఎలా నేర్చుకొంటాడు?

ఒక రోజు శిక్షణకు పిలిచి, తెర మీద నలభై సంగతులు చూపించి, చేతికి కాగితము ఇచ్చి పంపితే మరునాడు తరగతిలో ఏమీ మారదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యావేత్తలు 1980లలోనే ఈ మాట చెప్పారు. ఉపన్యాసము విని, ఇతరులు చేయగా చూసి నేర్చినది తరగతి గది వరకు చేరుట అరుదు. తన తరగతిలో తానే చేసి, తోటి ఉపాధ్యాయుడు ప్రక్కన ఉండి చూసి సలహా చెప్పినప్పుడే అది అలవాటుగా స్థిరపడుతుంది. ఈత గట్టున కూర్చుని నేర్చేది కాదు గదా.

పొరుగున ఉన్న కేరళ రాష్ట్రము 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకము ప్రారంభించినప్పుడు, శిక్షకులుగా బయటి కంప్యూటరు నిపుణులను కాక బడి ఉపాధ్యాయులనే ఎన్నుకొన్నది. సుద్దముక్క పట్టుకొన్నవారే సుద్దముక్క పట్టుకొన్నవారికి నేర్పారు. ఉచితముగా పంచుకోదగిన సాఫ్ట్‌వేరును కూడా వాడారు. ఆ పథకమే 2017లో కైట్ అనే సంస్థగా మారింది. 8 నుండి 12 వరకు తరగతులలో 45,000 గదులకు ప్రొజెక్టర్లు, కంప్యూటర్లు అమర్చగలిగింది. గదులు సిద్ధము కాక పూర్వమే ఉపాధ్యాయులు ఎన్నో సంవత్సరాలుగా సిద్ధపడుతూ వచ్చారు.

పున్యా మిశ్రా, మాథ్యూ కోలర్ అనే ఇద్దరు 2006లో ఒక ఉపయోగకరమైన మాట వ్రాశారు. ఉపాధ్యాయునికి మూడు తెలివిడులు కావలెను: విషయము తెలియాలి, అది పిల్లలకు చెప్పే విధము తెలియాలి, పనిముట్టు తెలియాలి. ఈ మూడు విడివిడిగా ఉంటే చాలదు, కలిసి పనిచేయాలి. ఇది వయసు మళ్లిన ఉపాధ్యాయులకు ధైర్యము కలిగించే మాట. మొదటి రెండు తెలివిడులు వారివద్ద ముప్పై సంవత్సరాలుగా ఉన్నవి. మూడవది నేర్చుకొనుట వారికి కొన్ని నెలల పని. చురుకైన కుర్రవానికి మూడవది వచ్చును, మొదటి రెండు రావడానికి సంవత్సరాలు పట్టును. కనుక వీరిద్దరినీ జతచేయుట మంచి ఉపాయము. పెద్ద టీచరమ్మ పాఠము ఆలోచిస్తుంది, కుర్రవాడు ఫోను సిద్ధము చేస్తాడు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకొంటారు.

ఒక నియమము పెట్టుకొందాము: మూడు నెలలకు ఒక్క పనిముట్టు, ఒక్క వాడుక. అది చేయి తిరిగిన తరువాతనే మరొకటి.

5. తరగతిలో చేయదగిన నాలుగు పనులు

మొదటిది, స్వరము రికార్డు చేయుట. మన సాయంత్రపు తెలుగు తరగతికి ఇది ఎంతో తగినది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరము. అందుచేత అక్కడి మన పిల్లలు “గాలి”ని “కాలి” అనియు, “దాత”ను “తాత” అనియు చదువుతారు. మరాఠీలో మాట చివరి అకారము పలకరు గనుక “పలక” కాస్తా “పలక్” అవుతుంది. మరాఠీ, ఒడియా లిపులలో ఎ, ఏ లకును, ఒ, ఓ లకును వేరు వేరు గుర్తులు లేవు గనుక “మెడ”కు “మేడ”కు, “కొన”కు “కోన”కు తేడా చిక్కదు. కన్నడ, తెలుగు అక్షరాలు అన్నదమ్ములు. చూపు ఒకదాని నుండి మరొకదాని మీదికి జారిపోతుంది. టీచరు ఎన్నిసార్లు దిద్దినా పిల్లవానికి తన తప్పు తనకు వినబడదు. ఫోనులో నాలుగు వాక్యాలు చదివించి, వెంటనే వినిపించండి. “అయ్యో, నేను మేడ అన్నానా!” అని తానే దిద్దుకొంటాడు. ఆ రికార్డును దాచి, నెల తరువాత మరల చదివించి రెండూ ప్రక్కప్రక్కన వినిపించండి. నల్లబల్ల చేయలేని పని ఇది.

రెండవది, వీడియోను ఆపి అడుగుట. పది నిమిషాల వీడియో పెట్టి బయటకు వెళ్లిపోవడము బోధన కాదు. రెండు నిమిషాలు చూపి ఆపండి. “తరువాత ఏమి జరుగుతుంది?” అని అడిగి, పలక మీద వ్రాయించి, ఆ తరువాత చూపండి. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అనేక ప్రయోగాలలో చూపినది కూడా ఇదే: పాఠము చిన్న ముక్కలుగా వస్తే బాగా అంటుకొంటుంది; అవసరము లేని బొమ్మలు, సంగీతము చేర్చితే దృష్టి చెదరుతుంది; బొమ్మ చూపిస్తూ మాటతో చెప్పితే చాలు, అదే మాటను తెర నిండా వ్రాస్తే భారమవుతుంది.

మూడవది, అందరి జవాబులు ఒకేసారి చూచుట. ప్లికర్స్ అనే పద్ధతిలో ప్రతి పిల్లవానికి ఒక అచ్చు అట్టముక్క ఉంటుంది. దానిని నాలుగు వైపులలో ఏ వైపు పైకి పట్టుకొంటే ఆ జవాబు. టీచరు తన ఒక్క ఫోనును గది అంతా తిప్పితే ఎవరు ఏమి జవాబు ఇచ్చారో తెలుస్తుంది. పిల్లలకు ఫోనులు అక్కరలేదు. సిగ్గుపడి వెనుక కూర్చున్న పిల్ల జవాబు కూడా లెక్కలోనికి వస్తుంది. ఫోను లేకపోతే పలకలు పైకెత్తించినా ఇదే ఫలము.

నాలుగవది, ఒకే కథను రెండు భాషలలో చదివించుట. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు అనేక భాషలలో ఉచితముగా దొరుకుతాయి. తెలుగు కూడా ఉన్నది. బడి భాషలో తెలిసిన కథనే తెలుగులో చదివితే అర్థము ముందే తెలుసు గనుక అక్షరాల మీద మనసు నిలుస్తుంది.

పాఠము తయారు చేసేటప్పుడు ప్రతి ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేసుకోవలెను. ఈ పాఠములో పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడు? నల్లబల్ల, పలకలతో కాని ఏ పని ఈ యంత్రము చేస్తుంది? ఆ సమయములో పిల్లవాడు చూస్తూ కూర్చుంటాడా, తానే ఏదైనా చేస్తాడా? మూడింటికీ జవాబు దొరికితేనే స్విచ్చి వేయండి.

6. కొన్ని జాగ్రత్తలు

కరెంటు పోయినా పాఠము ఆగకుండునట్లు ఎప్పుడూ రెండవ దారి ఉంచుకోవలెను. వీడియోలను ముందే ఫోనులోనికి దింపుకొంటే ఇంటర్నెట్ కొరకు ఎదురుచూచుట తప్పుతుంది. పిల్లల ఫోటోలు, స్వరాలు తల్లిదండ్రుల అనుమతి లేక ఎవరికీ పంపరాదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, అడిగిన ప్రశ్నకు వ్యాసము వ్రాసి ఇచ్చే యంత్రాలు అందరి చేతిలోనికి వచ్చాయి. అవి అభ్యాస ప్రశ్నలు తయారు చేయడములో టీచరుకు తోడ్పడగలవు. అయితే తప్పును కూడా ఎంతో నమ్మకముగా చెప్పగలవు గనుక, టీచరు చదివి సరిచూడనిది ఏదీ పిల్లల ముందు పెట్టరాదు. 2023లో యునెస్కో ప్రకటించిన విద్యా నివేదిక కూడా చదువులో సాంకేతిక పరిజ్ఞానము ఎవరి షరతులపై నడవాలి అనే ప్రశ్ననే ముందు ఉంచింది. మన తరగతిలో ఆ షరతులు పెట్టవలసినది పిల్లలను ఎరిగిన ఉపాధ్యాయుడే.

సంఘ పెద్దలకు ఒక మనవి. యంత్రము కొనుటకు తీర్మానము చేసే రోజుననే, టీచర్లు నెలకు ఒకసారి కూడి నేర్చుకొనుటకు దారి ఖర్చులు, మరమ్మతుకు కొంత సొమ్ము అదే తీర్మానములో చేర్చండి. అంత సొమ్ము లేకపోతే చిన్న యంత్రము కొనండి, లేదా టీచరు చేతిలో ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టండి. పెద్ద తెర లేనందువలన ఏ పిల్లవాడూ చదువులో వెనుకబడలేదు. తాను ఎక్కడ ఆగిపోయాడో ఎవరూ చూడనందువలన వెనుకబడినవారు అనేకులు.

కూటములో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన వద్ద ఇప్పుడు ఉన్న యంత్రాలు ఏవి? వాటిలో గడచిన నెలలో పాఠము కొరకు ఎన్నిసార్లు వాడబడినవి ఎన్ని?

2. మన తెలుగు తరగతి పిల్లలు చదివేటప్పుడు ఏ శబ్దాల దగ్గర, ఏ అక్షరాల దగ్గర ఎక్కువగా తడబడుతున్నారు? జాబితా వ్రాయండి.

3. ఆ జాబితాలో ఫోను సాయము అవసరమైనవి ఏవి? పలకతోనే సరిపోయేవి ఏవి?

4. జ్ఞానశాలలో మొదటి సంవత్సరము ఎందుకు నష్టము, రెండవ సంవత్సరము ఎందుకు లాభము కలిగింది? మన తరగతిలో యంత్రము టీచరు సమయమును తీసుకొంటున్నదా, టీచరుకు సమయము ఇస్తున్నదా?

5. మనలో అనుభవముగల ఏ ఉపాధ్యాయురాలిని ఏ యువకునితో జతచేయవచ్చును? వచ్చే మూడు నెలలకు వారు ఎన్నుకొనే ఆ ఒక్క పని ఏది?

వచ్చే కూటమునకు ప్రతి తరగతి నుండి ఒక పిల్లవాని రెండు రికార్డులు, ఈ నెలది, వచ్చే నెలది, తెచ్చి కలిసి వినండి. మన శ్రమ ఫలించినదో లేదో ఆ పిల్లవాని స్వరమే చెప్పుతుంది.